‘కంప్లీట్ రికార్డు’ తీసుకురమ్మన్నారు

పోయిన నెల మిల్టన్‌లో ఒకరింటికి భోజనానికి వెళ్ళాను. పదిమందిమి ఉంటాం, అందరం ఉద్యోగాలు ముగించుకున్నవాళ్ళమే. మోకాళ్ళ సంగతులు, మనవల సంగతులు అయ్యాక మాటలు ఈ మధ్య ఎప్పుడూ వచ్చే చోటికే వచ్చాయి: ఇండియా నుంచి కొత్తగా వస్తున్న స్టూడెంట్లు. బస్సుల్లో వాళ్ళే, కాఫీ షాపుల్లో వాళ్ళే, ఒక్కో బేస్‌మెంట్‌లో అరడజను మంది వాళ్ళే. ఆ ఇంటి బేస్‌మెంట్‌లోనే అద్దెకుండే స్వాతి అనే జగిత్యాల అమ్మాయి మా మధ్యే కూర్చుని అన్నంలో పప్పుచారు పోసుకుంటోంది. ఆ పిల్ల ఉందన్న స్పృహ ఎవరికీ ఉన్నట్టు లేదు. ఓక్‌విల్ నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ ఇంజనీరుగారికి మాత్రం గుర్తొచ్చింది.

"ఏమ్మా, ఇంకా అదే కాలేజీయేనా?"

"లేదంకుల్, మారుతున్న. వచ్చే టర్మ్‌కెల్లి పబ్లిక్ కాలేజీల ప్రీ-హెల్త్ చేస్త. ఇప్పుడున్న ప్రైవేటు దానికంటే ఫీజు తక్కువ. ల్యాబ్ కూడా ఉంటది."

"అదే చెప్తున్నా. చేరడం, మారడం, ఇదే పని వీళ్ళకి. మన కాలంలో ఒక కాలేజీలో చేరితే పట్టా పుచ్చుకునే బయటికొచ్చేవాళ్ళం. ఏమంటారండీ?" అని నావైపు తిరిగారు సాక్ష్యం కోసం.

"అనను," అన్నాను. "నేను మారాను. ప్రైవేటు దాంట్లోంచి సర్కారు కాలేజీకి. ఈ అమ్మాయి చదవబోయే చదువుకే."

"మీరా! మీది వేరు లెండి."

"వేరేం కాదండీ. ఇదే."

మిగతావాళ్ళు గరిటెలు అందుకున్నారు. స్వాతి ఒక్కతే కంచంలోంచి తలెత్తి, "ఎందుకు మారిండ్రు ఆంటీ?" అంది. ఆ నలుగురి మధ్య చెప్పబుద్ధి కాలేదు. చెబితే ముచ్చటగా విని, నవ్వి, మజ్జిగలోకి వెళ్ళిపోతారు. రాస్తే అలా కుదరదు.

నా డైరీలకి ఒక వరస ఉంది. పైన వాతావరణం, దాని కింద వంట, తర్వాత చేసిన పనులు, ఆఖర్న "ఎవరేమన్నారు" అని ఒక శీర్షిక. ఈ చివరిది పెట్టుకోవడానికి మా అమ్మమ్మ కారణం. పొద్దున అన్న మాట సాయంత్రానికి "నేనెప్పుడన్నానే?" అని బుకాయించేది. ఆవిణ్ణి పట్టుకోవడానికి పద్నాలుగో ఏట రాయడం మొదలుపెట్టాను. అమ్మమ్మ ఎప్పుడూ దొరకలేదు గాని అలవాటు మిగిలింది. కాబట్టి ఇక్కడ రాసిన మాటల్లో చాలావరకు ఆ రోజే రాసుకున్నవి. మా తరంవాళ్ళు తమ గతం గురించి ఇప్పుడు చెప్పుకుంటున్న కథలకి ఆ సౌకర్యం లేదు.

ఒంగోలులో ఇంటర్ బైపీసీ అయ్యాక మెడిసిన్ సీటు రాలేదు. మా పిన్నికి పిల్లల్లేరు. "ఇక్కడికి పంపండి, చదివించుకుంటాం" అని రాసింది. అలా విమానమెక్కి ఈ దేశంలో సస్కటూన్ అనే ఊరు చేరాను. బాబాయి అక్కడ మట్టి పరీక్షలు చేసే ల్యాబులో పనిచేసేవాడు. ఇంటికొచ్చాక కూడా కాగితం సంచుల్లో ఏదో ఒక పొలం మట్టి వెంట తెచ్చుకునేవాడు. అన్నానికి ముందు ఒక చిటికెడు అరచేతిలో వేసుకుని, నీటి చుక్క తగిలించి, నలిపి, వాసన చూసేవాడు. "ఇది గోధుమ మట్టి," అనేవాడు, కూర ఏమిటని అడిగినంత మామూలుగా. పిన్ని చలికాలమంతా వడియాలు పెట్టేది. ఎండ ఉండదు గదా, నేలలో ఫర్నేస్ వేడిగాలి వచ్చే జాలీ ఒకటుంటే దానిమీద బట్ట పరిచి పెట్టేది. ఇల్లంతా గుమ్మడికాయ, ఇంగువ వాసన. ఆ వాసన కోట్లకి పడితే బస్సులో జనం తిరిగి చూస్తారని పోపు వేసే ముందు మా ముగ్గురి కోట్లూ తీసుకెళ్ళి కారులో పడేసి వచ్చేది. పొద్దున ఆ కోట్లు అట్టల్లా బిగుసుకుని ఉండేవి. తొడుక్కుంటే మంచుగడ్డని కావలించుకున్నట్టుండేది. మంచుకి వణకొచ్చు గాని ఇంగువకి నవ్వించుకోకూడదు. అదీ పిన్ని లెక్క. నాకా లెక్క అప్పుడే నచ్చలేదు.

నేను వెళ్ళేసరికి సర్కారు కాలేజీలో సీట్లు అయిపోయాయి. అప్పుడూ ఇలాగే విరగబడి వచ్చేవాళ్ళు స్టూడెంట్లు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పుట్టిన తెల్లపిల్లలంతా ఒక్కసారి పెద్దవాళ్ళై కాలేజీల మీద పడ్డారు. గదులు చాలక కార్లు ఆపే స్థలంలో రేకుల గదులు దించారు. అప్లికేషన్ల వరస తలుపు దాటి మంచులోకి వచ్చేది. "పన్నులు కట్టేది మేము, సీట్లు ఎవరికో" అని పేపర్లో ఉత్తరాలు కూడా పడేవి. ఆ "ఎవరో" అప్పట్లో పక్క రాష్ట్రంవాళ్ళు. అందుకని బాబాయి పేపర్లో ప్రకటన చూసి, ఒక సంవత్సరంలో వైద్యరంగంలో ఉద్యోగం అన్న ప్రైవేటు బడిలో చేర్చాడు. ఫర్నిచర్ కొట్టు పైన రెండు గదులు. పదకొండుమంది ఆడపిల్లలం. టైపింగు, రోగాల పేర్ల స్పెల్లింగులు, ఫోను ఎత్తే పద్ధతి. "డాక్టరుగారు ఇప్పుడు పనిలో ఉన్నారు" అన్న ఒక్క మాటని ఎన్ని మర్యాదలతో చెప్పొచ్చో నెలరోజులు నేర్పారు. అద్దాల బీరువాలో ఒక మైక్రోస్కోపు ఉండేది. తాళం ప్రిన్సిపాల్ జేబులో. పిల్లల్ని చేర్చడానికి తల్లిదండ్రులు వచ్చినప్పుడు మాత్రం దాని దుమ్ము తుడిచేవారు.

నాకు ఆ ఫోను ఎత్తడం వద్దు. ఫోనుకి అవతల, లోపలి గదిలో, నెత్తుటి చుక్కని గాజుపలక మీద పరిచి చూస్తారే, ఆ పని కావాలి. దానికి దారి ఒక్కటే: సర్కారు కాలేజీలో ఒక ఏడాది సైన్సు, ఆపైన ల్యాబ్ టెక్నాలజీ. ఆ ఏడాది చదువునే ఇప్పుడు ప్రీ-హెల్త్ అంటున్నారు. అప్పుడు పేరు వేరు, చదువు అదే. పైగా ఫీజు బాబాయి కడుతున్న దాంట్లో నాలుగో వంతు. ఆయనకి చెప్పాను. మట్టి నలుపుతూ విన్నాడు.

"చేరింది సగంలో వదిలిన వాళ్ళు మన ఇళ్ళలో లేరమ్మాయ్."

"సగంలో వదిలెయ్యడం కాదు బాబాయ్, మారడం."

"ఒంగోలుకి ఉత్తరం రాస్తే దాన్ని ఏమని చదువుకుంటారనుకున్నావ్? ‘పిల్ల అక్కడ తప్పిందిట’ అంటారు." అరచేతిలో మట్టి దులుపుకుని, "ముందు సీటు రానీ. చూద్దాం," అన్నాడు. రాదన్న ధైర్యం ఆయనది.

మార్కుల మెమో కాపీ జతచేసి అప్లికేషన్ పంపాను. ఏం చదివావు అన్నచోట గుండ్రంగా, అందంగా "ఇంటర్మీడియట్, బై.పి.సి." అని రాశాను. మూడు వారాలకి జవాబొచ్చింది. ‘మీరు మధ్య తరగతులవరకు చదివారు గనుక, ముందు మా వయోజనుల సాయంకాలం తరగతుల్లో చేరి హైస్కూలు పూర్తిచేయవలసింది’ అని. నాలుగుసార్లు చదివితే గాని అర్థం కాలేదు. వాళ్ళ భాషలో ఇంటర్మీడియట్ అంటే హైస్కూలుకి ముందు క్లాసులు. నేను ఎనిమిదో తరగతితో చదువు మానేసిన దాన్ని! మెమో చూపిద్దామంటే దానిమీద కూడా పెద్దక్షరాలతో ఇంటర్మీడియట్ బోర్డు అనే ఉంది. నా నిర్దోషిత్వానికి ఉన్న ఒకే సాక్షి ప్రాసిక్యూషన్ వైపు నిలబడింది. పిన్నికి చదివి వినిపిస్తే, "పోన్లేవే, ఎనిమిదో తరగతికే ఇంగ్లీషు ఇంత బాగా వచ్చిందని మెచ్చుకుంటారు," అంది.

ఆ మర్నాడే బడి ఎగ్గొట్టి సర్కారు కాలేజీకి వెళ్ళాను. రెండు గంటలు వరసలో నిలబడ్డాక కౌంటర్ దగ్గరికొచ్చాను. అవతలున్న ఆవిడ మంచిదే, అలిసిపోయి ఉంది. నేను చెప్పిందంతా విని, "చూడు హనీ, నాకు ఇండియా సంగతి తెలీదు. శుక్రవారంతో ఈ కోర్సుకి అప్లికేషన్లు మూసేస్తున్నాం. ఆలోపల నీ కంప్లీట్ రికార్డు తీసుకురా, చూస్తారు," అంది.

రికార్డు! ఇంతేనా అనుకున్నాను. డైరీలో ఆ రోజు "ఎవరేమన్నారు" కింద ఆవిడ మాట రాసి, దాని పక్కన ఆశ్చర్యార్థకాలు మూడు పెట్టాను. బైపీసీ చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు, రికార్డంటే ఏమిటో. ఎడమపక్క తెల్లకాగితం మీద పెన్సిలు బొమ్మ, కుడిపక్క గీతల కాగితం మీద రాత, ప్రతి బొమ్మ కిందా మాస్టారి సంతకం, మొదటి పేజీలో ‘ఇది కుమారి ఫలానా స్వయంగా చేసిన ప్రాక్టికల్ పని’ అని సర్టిఫికెట్. అది లేకపోతే పరీక్ష హాల్లోకే రానివ్వరు. నా జువాలజీ రికార్డు నాతోనే విమానం ఎక్కింది. జూనియర్లు ఎంత బతిమాలినా ఇవ్వలేదు. వెతికితే వంటింట్లో ఆవకాయ జాడీ కింద దొరికింది.

"జాడీ అడుగు షెల్ఫుకి అంటుతోందని పెట్టానే. గట్టి అట్ట గదా," అంది పిన్ని.

అట్ట మీద నూనె గుండ్రంగా ఇంకి ఉంది. లోపల బొమ్మలు భద్రంగా ఉన్నాయి. కాస్త ఆవ వాసన.

శుక్రవారం పొద్దున ఆ రికార్డు కౌంటర్ మీద పెట్టాను. ఆవిడ తెరిచింది. మొదట వచ్చింది బొద్దింక జీర్ణవ్యవస్థ. ఇంకో పేజీ తిప్పింది. బొద్దింక నోటిభాగాలు, విడివిడిగా.

"ఏమిటిది?"

"రికార్డు. కంప్లీట్. మొదటి పేజీలో సర్టిఫికెట్ ఉంది చూడండి."

ఆవిడ నావంక చూసింది, బొద్దింక వంక చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోవాలని చూసింది పాపం, కుదరలేదు. కళ్ళు తుడుచుకుంటూ వెనక బల్లల్లోని వాళ్ళని పిలిచింది. నా వెనక వరసలో వాళ్ళు కూడా మెడలు చాచి చూసి నవ్వారు. రికార్డంటే ఇక్కడ మార్కుల చిట్టా అని, ఈ దేశంలో మరెవ్వరూ ఇంతవరకు బొద్దింకని దరఖాస్తుకి జతచెయ్యలేదని అప్పుడు తెలిసింది. చెవులు కాలిపోయాయి. ఇంకొకరైతే పుస్తకం లాక్కుని వెళ్ళిపోయేవారేమో. నాకు మాత్రం ఎక్కడలేని మొండితనం వచ్చింది. ఇది నా రెండేళ్ళు. వీళ్ళకి నవ్వుగా ఉంటే ఉండనీ, ఇది ఎనిమిదో తరగతి పిల్ల పుస్తకం మాత్రం కాదు.

"నవ్వడం అయ్యాక మిగతా పేజీలు కూడా చూడండి," అన్నాను. "ఎనిమిదో తరగతిలో మీరెవరైనా కప్ప ధమనులు గీశారా? గీసి ఉంటే చెప్పండి, సాయంకాలం తరగతులకే వెళతాను."

ఆ నవ్వులకి బయటికొచ్చిన వాళ్ళలో తెల్లకోటు వేసుకున్న ఒక పెద్దావిడ ఉంది. బయాలజీ చెప్పే ఆవిడ. చచ్చిన జీవాల్ని నిలవుంచే ఫార్మలిన్ వాసన ఆవిడకంటే ముందే వచ్చింది. ఆవిడ నవ్వలేదు. రికార్డు తనవైపు తిప్పుకుని మొదటి నుంచి చివరిదాకా నిలబడే చూసింది.

"ఇవన్నీ నువ్వు కోసినవేనా?"

వెనక వరస, ముందు కౌంటర్, పక్కన గడియారం. ఔననొచ్చు. సర్టిఫికెట్ కూడా అదే అంటోంది.

"కప్ప, బొద్దింక, వానపాము నేను కోశాను. సొరచేప కొయ్యలేదు. మా కాలేజీలో ఒక్కటే ఉండేది, సీసాలో. బొమ్మ సీనియర్ రికార్డులోంచి దించాను. పావురం కూడా అంతే."

"మరి సంతకం ఉందే?"

"సంతకం అందరికీ పెడతారు మేడమ్. మాస్టారూ అలాగే దించి ఉంటారు."

ఆవిడ మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. "కప్ప కోశానన్నావు. రా," అని ల్యాబ్‌కి తీసుకెళ్ళింది. ట్రేలో ఫార్మలిన్ కప్ప వేసి, ధమనులు చూపించమంది. ఎంతసేపు కావాలంది. ముప్పావు గంట అన్నాను. మాకు ఒంగోలులో అప్పుడే మత్తిచ్చిన కప్పలిచ్చేవాళ్ళు, మెత్తగా ఉండేవి. ఇది తోలు చెప్పులా ఉంది. పైగా ట్రేలో నీళ్ళు లేవు. నీళ్ళు కావాలన్నాను.

"నీళ్ళెందుకు?"

"నీళ్ళలో అయితే నాళాలు తేలతాయి. పొడిగా ఉంటే ఒకదానికొకటి అతుక్కుంటాయి."

నీళ్ళు పోసింది. గుండె దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే విడదీస్తూ వచ్చాను. నాళాలన్నీ పాలిపోయి కండలో కలిసిపోతున్నాయి. మేమైతే కిందుగా నల్లకాగితం ముక్కలు దూర్చేవాళ్ళం, ఎగ్జామినర్‌కి స్పష్టంగా కనపడాలని. అక్కడ నల్లకాగితం లేదు. చేతిసంచీలో టైపింగు క్లాసు కార్బన్ పేపరుంది. సన్నగా చింపి ఒక్కో నాళం కిందా దూర్చాను. నల్లటి నేపథ్యం మీద తెల్లగా, కొమ్మలు కొమ్మలుగా లేచింది మొత్తం. ఆ ఫర్నిచర్ కొట్టు మీది బడి నాకు చేసిన ఉపకారం ఆ ఒక్క కార్బన్ కాగితమే.

ఆవిడ ట్రే మీదికి వంగి చూసింది. వెళ్ళి కౌంటర్ ఆవిణ్ణి చేయి పట్టుకుని తీసుకొచ్చి ట్రే ముందు నిలబెట్టింది. "ఇదిగో, మీ ఎనిమిదో తరగతి," అంది. నా అప్లికేషన్ మీద రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టింది. సీటిచ్చారు, ఒక షరతు మీద: మొదటి టర్మ్‌లో ఏ ఒక్కదాంట్లో మార్కులు తక్కువొచ్చినా తీసేస్తారు. ఆ షరతు మా వరసలో మరెవరికీ పెట్టలేదని తర్వాత తెలిసింది. కోపం ఇప్పటికీ ఉంది. తక్కువ రాలేదు.

బాబాయి సీటిచ్చిన కాగితాన్ని దీపం దగ్గర పెట్టి రెండుసార్లు చదివాడు. పిన్ని వంక చూశాడు. "ఆ ప్రిన్సిపాల్‌తో నువ్వే చెప్పుకో. నేను కారులో కూర్చుంటా," అన్నాడు. సోమవారం పొద్దున ఫర్నిచర్ కొట్టు ముందు కారాపి, ఇంజన్ ఆపకుండా కూర్చున్నాడు. నేను మెట్లెక్కి మానేస్తున్నానని చెప్పాను. ప్రిన్సిపాల్ మర్యాదస్థుడు, గొంతు పెంచలేదు. ఇక్కడ పదకొండుమందే గనుక ప్రతి పిల్లా తనకి తెలుసునన్నాడు. ఆ మాట అంటూనే నా పేరు తప్పు పలికాడు. అక్కడ ఒక్కో హాల్లో రెండువందలమంది ఉంటారు, నీ మొహం ఎవరికీ గుర్తుండదు, బాగా ఆలోచించుకో అన్నాడు. ఆఖరికి తలుపు దాకా వచ్చి జాలిగా అన్నాడు: "అక్కడ నువ్వు ఒక నంబరువి, అంతే."

ఈ మధ్య పేపరు తెరిస్తే నంబర్లే. ఇన్ని వేలమంది వచ్చారు, ఇన్ని వేలు తగ్గించాలి. మా వాళ్ళు భోజనాల బల్ల దగ్గర అవే వల్లిస్తారు. మేమంతా ప్రతిభ మీద వచ్చామంటారు. నేను ఎలా వచ్చానో పైన రాశాను: ప్రకటన చూసి చేరి, తప్పు తెలిసి మారి, ఒక మాటని పొరపాటుగా అర్థం చేసుకుని, దయగల ఒక మనిషి ఎదురుపడితే నిలబడ్డాను. ఇప్పటి పిల్లలు చేస్తున్నది ఇంతకంటే తక్కువేం కాదు. నాకు తిండి పెట్టిన ఇల్లు, పోపు వేసే పిన్ని, కారులో కూర్చునే బాబాయి వాళ్ళకి లేరు. రాత్రి షిఫ్టు చేసొచ్చి పొద్దున క్లాసులో కూర్చుంటున్నారు. మోసపోయిన చోటినుంచి లేచి, చవకగా, నిజంగా చదువు చెప్పే చోటికి నడిచి వెళుతున్న పిల్లని చూసి నిలకడ లేదనేవాళ్ళకి నా దగ్గర మర్యాద లేదు. ముప్ఫై నాలుగేళ్ళు ఆసుపత్రి ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. ఎవరి నెత్తురు చూసినా ఒక్కసారీ, ఈ మనిషి ఎన్ని కాలేజీలు మారాడో కనపడలేదు.

ఆ రోజు మెట్లు దిగి కారెక్కాను. బాబాయి ముందుకే చూస్తూ, "ఏమన్నాడు?" అని అడిగాడు.

"అక్కడికి పోతే ఒట్టి నంబరువి అయిపోతావన్నాడు."

బాబాయి గేరు మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. ఒంగోలులో పరీక్షా ఫలితాలు పేపర్లో నంబర్లుగానే వచ్చేవి. తెల్లవారకముందే బస్టాండుకి పోయి, కట్ట విప్పీ విప్పకముందే పేపరు లాక్కుని, సన్నటి అంకెల మధ్య వేలు పెట్టి వెతుక్కునేవాళ్ళం. పేరు ఎవడిక్కావాలి? నంబరు పడిందా లేదా, అదీ. ఆయనా ఆ బస్టాండులో నిలబడ్డవాడే. నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పళ్ళు కనపడేలా నవ్వగా చూడని మనిషి, స్టీరింగ్ మీద తల ఆనించి భుజాలు కదిలేలా నవ్వాడు.

"అయితే నంబరు పడిందన్నమాట," అన్నాడు. "పద, మీ పిన్నికి చెబుదాం."